చెట్టు మిగిలింది, పిట్ట మిగల్లేదు: కోనా గ్రోస్‌బీక్ ఎలా అంతరించింది?

2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం 21 జీవజాతులను తన రక్షిత జాబితా నుంచి తీసేసింది. అవి కోలుకున్నాయని కాదు, ఇక లేవని. వాటిలో ఎనిమిది హవాయి పక్షులే. ఆ వార్త చదివినవాళ్లకు ఒకచోట అడవులు పోవడం కారణమని కనిపించింది, ఇంకోచోట దోమలని, మరోచోట ఎలుకలని. మూడూ నిజమే కావచ్చు. ఎవరి వాటా ఎంత అన్నదగ్గరే పేచీ వస్తుంది.

ఆ పేచీని విప్పి చూడటానికి ఆ జాబితాలో లేని పాత కేసు ఒకటి బాగా పనికొస్తుంది. హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దదైన హవాయి ద్వీపంలో, పశ్చిమాన కోనా అనే ప్రాంతంలో ఒక ఫించ్ ఉండేది. ఫించ్‌లంటే ఎక్కువగా గింజలు తినే చిన్న పిట్టల కుటుంబం. పేరు కోనా గ్రోస్‌బీక్. 1887లో స్కాట్ విల్సన్ అనే ఆంగ్లేయుడి చేతికి ఒకే ఒక్క నమూనా దొరికింది. 1888లో శాస్త్రీయంగా పేరు పెట్టారు. 1894 తర్వాత దాన్ని కచ్చితంగా చూసినవాళ్లు లేరు. అంటే శాస్త్రానికి పరిచయమైన ఏడేళ్లకే కనుమరుగైంది. అది తిన్న చెట్టు మాత్రం ఇవాళ్టికీ ఆ ద్వీపంలో కాస్తూనే ఉంది.

ఏది ఫించ్, ఏది కాదు

పెంపుడు పక్షుల దుకాణాల్లో 'ఫించ్' అని అమ్మే జీబ్రా ఫించ్ అసలు ఫించ్ కాదు, అది మన జీనువాయిల కుటుంబం. గలాపగోస్ దీవుల 'డార్విన్ ఫించ్‌లు' కూడా కావు, అవి అమెరికా ఖండాల్లో ఉండే టానజర్ అనే పక్షుల కుటుంబానికి చెందినవి. ఆశ్చర్యమేమిటంటే, చూడటానికి ఫించ్‌ల్లా లేని హవాయి తేనెపిట్టలు మాత్రం అసలైన ఫించ్‌లే. ఆసియా రోజ్‌ఫించ్‌లకు దగ్గరి బంధువైన ఒక పక్షి లక్షల ఏళ్ల కిందట సముద్రం దాటి ఆ దీవులు చేరింది. చలికాలంలో మన తూర్పు కనుమలకు వచ్చే రోజ్‌ఫించ్‌కు అవి దూరపు చుట్టాలన్నమాట. ఆ ఒక్క మూలం నుంచే కొడవలి ముక్కుతో తేనె తాగేవి, బెరడు పీకేవి, గింజ పగలగొట్టేవి యాభైకి పైగా జాతులు పుట్టాయి. కోనా గ్రోస్‌బీక్ గింజ పగలగొట్టే రకం.

పది చదరపు కిలోమీటర్ల పక్షి

పొడవు ఆరంగుళాలు. ఒళ్లంతా ఆలివ్ ఆకుపచ్చ, ఆడామగా దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ చిన్న ఒంటికి తగని పెద్ద ముక్కు, దాని వెనక బలమైన దవడ కండరాలు. వాటితో అది చేసే పని ఒకటే: నైయో చెట్టు కాయల్లోని గట్టి టెంకను చిట్లించి లోపలి పప్పు తినడం.

నైయో కాయ శనగగింజంత ఉంటుంది. పైన పల్చటి గుజ్జు, లోపల రాయిలాంటి టెంక, అందులో సన్నటి గింజలు. ఒక్కో టెంకకు దక్కేది చాలా తక్కువ కాబట్టి పక్షి రోజంతా నములుతూనే ఉండాలి. 1890లలో ఆ అడవుల్లో తిరిగిన ప్రకృతి శాస్త్రవేత్త రాబర్ట్ పెర్కిన్స్ రాతల్లో రెండు వివరాలున్నాయి. టెంకలు చిట్లే చప్పుడును బట్టే పక్షి ఎక్కడుందో తెలిసేది. పట్టి చూస్తే ముక్కుకు దాదాపు ఎప్పుడూ గోధుమరంగు మడ్డి అంటుకుని ఉండేది. పక్షిగా అది ఆయనకు నచ్చలేదు: మందకొడి, ఒంటరి, నోరు విప్పదు, తిండి తప్ప వేరే పని లేదు అన్నట్టు రాశారు. గొంగళిపురుగులు కూడా తినేదని కడుపు కోసి చూసినప్పుడు తెలిసింది.

ఇంత ప్రత్యేకమైన పక్షికి 'ఆవాసం' అంటే అడవి అని చెబితే చాలదు. సముద్రమట్టానికి సుమారు 1,000 నుంచి 1,600 మీటర్ల ఎత్తులో, గరుకైన లావా ప్రవాహాల మీద పెరిగిన నైయో చెట్లే దాని ఆవాసం. మరీ కొత్త లావా మీద చెట్టు నిలవదు. మరీ పాతబడి మట్టి పట్టిన చోట ఓహియా, కోఆ లాంటి చెట్లు ఎదిగి నైయోను వెనక్కి నెడతాయి. ఈ రెంటి నడుమ ఉండే నేలే దానిది. మ్యూజియంల కోసం పక్షి నమూనాలు పోగుచేసే అప్పటి సేకర్తలకు అది కనిపించిన ప్రాంతమంతా కలిపితే నాలుగు చదరపు మైళ్లు, అంటే పది చదరపు కిలోమీటర్లు.

దీన్ని ఎకరాల్లోకి మారిస్తే సుమారు 2,500. ఒక జంటకు ఎంత చోటు కావాలో ఎవరూ కొలవలేదు కాబట్టి ఊహగా రెండు లెక్కలు వేద్దాం. జంటకు రెండున్నర ఎకరాలు చాలితే వెయ్యి జంటలు. పదెకరాలు కావాలంటే 250 జంటలు. వెయ్యి జంటలున్న చోట ఒక చెడ్డ ఏడాది వస్తే తట్టుకోవచ్చు. 250 జంటల దగ్గర ఒక కరవు, ఒక లావా ప్రవాహం, సేకర్తల నాలుగు తుపాకులు కూడా లెక్కలోకి వస్తాయి. 1891లో వాల్టర్ రోత్‌చైల్డ్ మ్యూజియం కోసం హెన్రీ పామర్ బృందం ఇక్కడ వరసగా నమూనాలు కాల్చింది. అంతరించడానికి అదే కారణమని ఎవరూ అనరు. అయినా ఇంత ఇరుకు చోట బతికే పక్షి విషయంలో దాన్ని సున్నా కింద కొట్టేయడం సరికాదు.

చెట్టు కొట్టకుండానే అడవి పోయే దారి

ఆవాసం పోవడం అనగానే గొడ్డలి గుర్తొస్తుంది. కోనాలో గొడ్డలి కన్నా ముందు పశువు వచ్చింది. 1793లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ రాజు కమేహమేహాకు ఆవులను, ఎద్దులను కానుకగా ఇచ్చాడు. అవి పెరగాలని రాజు వాటిని చంపడం నిషేధించాడు. వేటాడే మృగమేదీ లేని ద్వీపంలో అవి అడవిపశువులై కొండలెక్కాయి. మేకలు అంతకు ముందే, 1778లో జేమ్స్ కుక్ నౌకల్లో వచ్చాయి. హవాయి మొక్కలకు గిట్టలున్న మేత జంతువుతో ఎన్నడూ పరిచయం లేదు. చాలావాటికి ముళ్లు లేవు, చేదు తక్కువ. పశువు ముందుగా తినేది లేత మొలకనే.

వెయ్యి నైయో చెట్లున్న తోపు ఒకటి ఊహించుకోండి. వయసు మీరి ఏటా నూటికి ఒక చెట్టు పడిపోతుంది. మామూలుగా అయితే ఆ ఖాళీలో మొలకలు లేస్తాయి. పశువులు ప్రతి మొలకనూ తినేస్తే 30 ఏళ్లకు 740 చెట్లు మిగులుతాయి, 50 ఏళ్లకు 605, 70 ఏళ్లకు 495. ముప్పయ్యో ఏట అటుగా వెళ్లినవాడికి తోపు నిక్షేపంలా ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి ముప్పయ్యేళ్ల లోపు చెట్టు అందులో ఒక్కటీ ఉండదు. నీడ పల్చబడిన చోట గడ్డి వస్తుంది, గడ్డి ఎండితే నిప్పు వస్తుంది, ఆ తర్వాత లెక్క ఇంత నెమ్మదిగా సాగదు. ఎవరు చూసినా 'అడవి ఉంది' అని రాసుకునే దశలోనే ఆవాసం పోవడం మొదలైపోతుందన్నది ఇక్కడ పట్టుకోవాల్సిన విషయం.

నరికివేత కూడా జరిగింది. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో చైనాకు గంధపు చెక్క ఎగుమతి హవాయిలో పెద్ద వ్యాపారం. అసలు గంధం చెట్లు అయిపోతుంటే, వాసన కొంచెం కలుస్తుందని నైయో చెక్కనూ పంపి చూశారు. కొనేవాళ్లు ఒప్పుకోలేదు. నకిలీ గంధం అన్న పేరు మాత్రం దానికి అంటుకుంది. ఆ తిరస్కారమే నైయోను కొంతవరకు కాపాడిందని చెప్పొచ్చు.

ఈ వాదానికి అడ్డొచ్చే ప్రశ్నలు రెండు. గరుకు లావాను అక్కడ ఆఆ అంటారు, గాజుపెంకుల్లా కోసుకుపోయే రాళ్ల గుట్ట అది. మేక ఎక్కుతుంది గాని ఆవు నడవడం కష్టం. అంటే ఈ పక్షి ఉన్న నేలే పశువులకు అన్నిటికన్నా తక్కువ అనుకూలం. రెండోది ఇంకా సూటి ప్రశ్న: నైయో ఇప్పటికీ ఉంది కదా, మరి పక్షి ఏదీ?

ఎలుకల మీద అభియోగం

1977లో ఇయాన్ అట్కిన్సన్ అనే పరిశోధకుడు కాలక్రమాన్ని పట్టుకుని ఒక వాదం నిర్మించారు. దోమ 1826లోనే వచ్చింది, పశువు 1793లో. హవాయి ద్వీపంలో అడవి పక్షులు ఒక్కసారిగా తగ్గింది మాత్రం 1890లలో. ఈ మధ్యలో కొత్తగా వచ్చిందేమిటి? నల్ల ఎలుక. హవాయిలో మొదట స్థిరపడ్డ పాలినేషియన్ల పడవల్లో వచ్చిన పాత ఎలుక ఎక్కువగా నేల మీద తిరిగేది. నల్ల ఎలుక చెట్టెక్కి గూళ్లు కొల్లగొడుతుంది. 1870 తర్వాత అది లోపలి అడవులకు పాకింది. గూట్లో గుడ్లు, పిల్లలు, పొదిగే తల్లి మాత్రమే కాదు, గింజలు కూడా దాని తిండే. గింజ తినే పక్షికి ఎలుక రెండు రకాల శత్రువు.

ఈ వాదానికి బలమిచ్చే ఉదంతం లేసాన్ ఫించ్‌ది. ఇదీ హవాయి తేనెపిట్టల కుటుంబంలోని గింజతిండి పక్షే. హవాయి దీవుల వరసలోనే ఉన్న నాలుగు చదరపు కిలోమీటర్ల లేసాన్ దీవిలో 1903లో కుందేళ్లను వదిలారు. ఇరవయ్యేళ్లలో అవి దీవిని ఇసుకదిబ్బ చేశాయి. 1923లో వాటిని ఏరివేయడానికి బృందం వెళ్లేసరికి అక్కడి తేనె తాగే రకం పిట్టలు మూడే మిగిలాయి, ఇసుక తుపానులో అవీ పోయాయి. లేసాన్ ఫించ్ మాత్రం బతికింది. గింజ లేకపోతే సముద్రపక్షుల గుడ్లు పగలగొట్టి తాగింది, కళేబరాలు తింది, పురుగులు తింది. అదే ఫించ్‌ను అంతకు ముందు మిడ్‌వే దీవికి తీసుకెళ్లి వదిలితే బాగానే పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకలతో నల్ల ఎలుకలు మిడ్‌వేలో దిగాయి, కొద్ది ఏళ్లకే అక్కడ ఆ ఫించ్ లేదు. పచ్చదనమంతా పోయినా ఎలుకల్లేని చోట నిలిచిన పక్షి, ఎలుకలొచ్చిన చోట నిలవలేదు. అయితే లేసాన్ ఫించ్‌కు మిడ్‌వేలో పెద్ద అడవి లేదు, కొండ లేదు. కోనాకు ఈ పాఠాన్ని ఎంతవరకు వర్తింపజేయవచ్చన్నది వేరే ప్రశ్న.

దోమ వాదం, అందులో ఒక హైదరాబాదు మలుపు

హవాయిలో 1826కు ముందు దోమ లేదు. ఆ ఏడాది మావి దీవిలో లహైనా రేవుకు వచ్చిన నౌక నీటి పీపాల్లోంచి క్యూలెక్స్ క్విన్‌క్విఫాసియేటస్ దిగిందని నమ్మకం. మన మురుగు కాలువల్లో పెరిగి బోదకాలు మోసేదీ ఆ దోమే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మనుషుల మలేరియా పరాన్నజీవిని అనాఫిలిస్ దోమ కడుపులో చూశారు. ఆ పని పూర్తయింది మాత్రం మరుసటి ఏడాది కలకత్తాలో, పిచ్చుకల మలేరియా మీద. అక్కడ ఆయన వాడిన దోమ ఈ క్యూలెక్సే. అదే దోమ హవాయిలో పక్షి మలేరియాను మోస్తోంది. పరాన్నజీవి పేరు ప్లాస్మోడియం రెలిక్టమ్. మన పిచ్చుక ఈ రోగాన్ని చాలావరకు తట్టుకుంటుంది. రోగం ముఖమే చూడని హవాయి పక్షి తట్టుకోలేదు. ఈఈవీ అనే ఎర్రటి తేనెపిట్టలకు రోగకారక దోమ ఒక్కసారి కుట్టించి చూసిన ప్రయోగంలో పదింట తొమ్మిది చచ్చిపోయాయి.

ఈ రోగానికి ఎత్తుతో లంకె ఉంది. దోమ ఒంట్లో పరాన్నజీవి ఎదగాలంటే వేడి కావాలి, సుమారు 13 డిగ్రీల కింద ఎదుగుదల ఆగిపోతుంది. హవాయి తీరంలో సగటు ఉష్ణోగ్రత 24 డిగ్రీలనుకుని, ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గిస్తూ పోదాం. 1,000 మీటర్ల దగ్గర 17.5 డిగ్రీలు, 1,600 దగ్గర 13.6, 1,700 దగ్గర 13. మోటు లెక్కే, కానీ కోనా గ్రోస్‌బీక్ ఇల్లు రోగరేఖకు సరిగ్గా కింద పడుతోంది. ఈఈవీ పూల వెంట ఎగిరి ఎత్తుకు పోగలదు, అందుకే పై అడవుల్లో ఇంకా ఉంది. ఒకే లావా మీది ఒకే చెట్టును నమ్ముకున్న పక్షికి ఆ వెసులుబాటు లేదు.

పలీలా అనే మరో గింజలు తినే ఫించ్ చరిత్ర కూడా ఇటే మొగ్గుతుంది. 1890లలో అది కోనాలోనూ ఉండేది. ఇప్పుడు మౌనా కేయా అగ్నిపర్వతం మీద, 2,000 మీటర్లకు పైన మాత్రమే ఉంది.

చిక్కల్లా తేదీల దగ్గరే. దోమ రావడం, రోగం రావడం ఒకటి కాదు. ముఖం మీద, కాళ్ల మీద గడ్డలు తెచ్చే పక్షి మశూచిని 19వ శతాబ్దం చివరి సేకర్తలు చూసి రాశారు. మలేరియా పరాన్నజీవి మాత్రం బయటి నుంచి తెచ్చిన పెంపుడు పక్షులతో 20వ శతాబ్దం మొదట్లో స్థిరపడి ఉంటుందని చాలామంది అంచనా. అదే నిజమైతే 1894కే ఆనవాలు లేకుండా పోయిన పక్షిని మలేరియా చంపిందనలేం. దోమ కుట్టి అంటించిన మశూచి కావచ్చు. రెండింటికీ మోసేది దోమే కాబట్టి ఎత్తు లెక్క మశూచికీ కొంత వర్తిస్తుంది, కానీ అంత కచ్చితంగా కాదు.

అప్పటికే ఓడిపోయిన పక్షా?

ఈ మూడు వాదాలూ 1778 తర్వాతి కథలు. స్టోర్స్ ఓల్సన్, హెలెన్ జేమ్స్ అనే శిలాజ పరిశోధకులు 1970ల నుంచి హవాయి గుహల్లో, సున్నపురాయి గుంటల్లో పక్షి ఎముకలు తవ్వి తీశాక కథ వెనక్కి జరిగింది. కోనా గ్రోస్‌బీక్ దగ్గరి బంధువులు ఓఆహు, మావి దీవుల్లోనూ ఉండేవని తేలింది. 1991లో పేరు పెట్టిన ఒక బంధువు ముక్కు ఎంత పెద్దదంటే, దాని శాస్త్రీయ నామంలో కింగ్ కాంగ్‌ను ఇరికించారు. అవన్నీ యూరోపియన్లు రాకముందే పోయాయి. పాలినేషియన్లు సుమారు వెయ్యేళ్ల కిందట వచ్చి తీరపు ఎండు అడవులను కాల్చి పొలాలు చేసుకున్నారు, వాళ్ల వెంట ఎలుకా వచ్చింది.

ఈ వెలుగులో చూస్తే పది చదరపు కిలోమీటర్లన్నది ఆ పక్షి ఎంచుకున్న ఇల్లు కాకపోవచ్చు, తరిమితే చేరిన మూల కావచ్చు. దీన్ని ఒప్పుకుంటే 1890ల దోషి ఎవరన్న ప్రశ్న ప్రాధాన్యం కొంత తగ్గుతుంది. అంతటి ఇరుకులో ఉన్నదాన్ని ఏ చిన్న దెబ్బయినా పడగొడుతుంది. నాకు ఎక్కువ నమ్మశక్యంగా కనిపించేది ఈ వరసే: పాత కాలపు ఎండు అడవుల నష్టం పక్షిని మూలకు నెట్టింది, పశువులు ఆ మూలను పల్చన చేశాయి, ఎలుకో మశూచో ముగించింది. కాదనేవాళ్ల మాటా తీసేయదగ్గది కాదు. ఓఆహులో బంధువు ఉన్నంత మాత్రాన కోనా పక్షి ద్వీపమంతా ఉండేదని రుజువు కాదు, మొదటి నుంచీ అరుదైన జాతులు కూడా ఉంటాయి.

ఒక్క సంగతి మాత్రం ఏ వాదమూ పక్కన పెట్టలేనిది. అదే కోనా అడవుల్లో కోఆ చెట్టు కాయల్లోని గింజలు తినే రెండు కోఆ ఫించ్‌లూ ఆ దశాబ్దంలోనే పోయాయి. చిన్నది 1891 తర్వాత దొరకలేదు, పెద్దది 1896 తర్వాత. అదే అడవిలో తేనె తాగే అపాపానే నేటికీ మామూలుగా కనిపిస్తుంది. వరసగా పోయినవి పెద్ద ముక్కు గింజతిండి పక్షులు. రోగం ఒక్కటే కారణమైతే ఈ ఎంపిక ఎందుకు జరిగిందో చెప్పడం కష్టం.

'అంతరించింది' అని రాయడానికి ఏం కావాలి

చివరి పక్షి చనిపోయిందనడంలో సహేతుకమైన సందేహం మిగలకూడదు, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి నియమం అది. ఎన్నేళ్లు కనిపించకపోతే చాలన్న గడువు లేదు. సరైన చోట, సరైన కాలంలో, సరైన వేళలో వెతికారా అన్నదే ముఖ్యం. మన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో దొరికింది. అది రాత్రిపూట తిరిగేది, ముళ్లపొదల్లో నక్కేది, దాని కూత అప్పటికి ఎవరికీ తెలియదు. కోనా గ్రోస్‌బీక్ పగటి పక్షి, ఒకే చెట్టు మీద ఉండేది, తింటుంటే చప్పుడు వినబడేది, ఉన్న చోటు చిన్నది. అందుకే దాని విషయంలో సందేహం మిగల్లేదు.

ఇప్పుడేం చేస్తున్నారు

మేత జంతువుల సంగతి 1978లో కోర్టుకెక్కింది. పలీలా పక్షి పేరు మీదే దావా వేశారు. పలీలాకు ముఖ్యమైన తిండినిచ్చే మామనే చెట్ల మొలకలను తినే మేకలను, గొర్రెలను మౌనా కేయా నుంచి తొలగించాలని న్యాయస్థానం ఆదేశించింది. పక్షిని ముట్టుకోకపోయినా దాని ఆవాసాన్ని చెడగొట్టడం హాని చేయడమేనని తేల్చింది. ఆదేశం వచ్చినంత వేగంగా కంచెలు పూర్తికాలేదు, కరవులు వచ్చాయి, పలీలా సంఖ్య ఈ శతాబ్దంలో వేల నుంచి వందలకు పడింది. దోమరేఖకు పైన ఉండి కూడా తిండిచెట్టు తిరిగి మొలవక తగ్గిపోతున్న పక్షి ఇది. గొడ్డలి లేకుండా ఆవాసం పోవడమంటే ఏమిటో కళ్లముందు చూపించే కేసు.

దోమల వైపు కొత్త ప్రయత్నం 2023 నవంబరులో మావిలో మొదలైంది. వోల్బాకియా అనే బ్యాక్టీరియాలో వేరే రకాన్ని ఎక్కించిన మగ క్యూలెక్స్ దోమలను హెలికాప్టర్ల నుంచి అడవిలో జారవిడుస్తారు. మగదోమ కుట్టదు. దానితో జతకట్టిన అడవి ఆడదోమ గుడ్లు పొదగవు. మొదట్లో వారానికి రెండున్నర లక్షల చొప్పున వదలాల్సి వచ్చింది. ఆపితే చుట్టుపక్కల నుంచి దోమలు మళ్లీ నిండుతాయి కాబట్టి దీనికి ముగింపు తేదీ లేదు.

నైయోకు మాత్రం 2009లో కొత్త పురుగు తగిలింది. ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చిన ఒక తామరపురుగు లేత చిగుళ్లను మెలితిప్పి, గడ్డలు చేసి, కొమ్మలను ఎండబెడుతోంది. హవాయి ద్వీపం పశ్చిమ భాగంలో దీని దెబ్బకు తోపులే చచ్చిపోయాయి. మామనే కాయలు తక్కువైన రోజుల్లో పలీలా తినే వాటిలో నైయో కాయ ఒకటి.